కొమ్ము రాకముందు

జయశీలమ్మ టీచరు తెచ్చిన బొమ్మ
నాలుగు మడతలు పెట్టిన కాగితం.
షాపు నేల మీద పరిచి, గాలికి లేవకుండా
మూలకో నట్టు పెట్టినా.
"కుళ్ళాయప్పా, ఇది కొమ్ముల జాతికి ముత్తవ్వ.
దీని ఎముకలన్నీ ఇనుముతో కావాల,
బడి ముంగట నిలబెట్టాల" అనింది.

గేట్లు చేసినా. గ్రిల్లులు చేసినా.
పీర్లచావిడికి తలుపు చేసినా.
ఒక పానం లోపలి కట్టుబడి
ఎప్పుడూ చెయ్యలేదు.

వెన్ను కాడ మొదలుపెట్టినా.
తాడిపత్రి చుట్టుపక్కల నీళ్ళు తప్పిన బోర్లు ఎన్ని!
ఆ మోటర్ల బేరింగులన్నీ నా గోతాంలోనే ఉండాయి.
ఒకదాని వెనక ఒకటి గుచ్చుకుంటా పోతే
మెడ అయింది, నడుమయింది,
తోక గడప దాటి రోడ్డు మీదికి పోయింది.
నడుము మీద నరాలు గట్టిపడి ఎముకలైనాయంట,
వాటికి సైకిలు పుల్లలు.

తుంటి కాడ చెయ్యి ఆగింది.
ముందుకు ఉండాల్సిన ఎముక వెనక్కి వాలి ఉండాది.
కాగితం తిరగేసి చూసినా.
"తప్పు కాదు, పక్షులకీ ఇట్లే."
ఆదివారం కోడి కూరలో
తుంటి ఏరుకొని కడిగి చూసినా.
నిజమే.
మా ఇంటామె ఇమాంబీ
కంచం పక్కన ఎముకను, నన్నూ చూసి
ఏమీ అనకుండా లేచిపోయింది.

ముందర చేతులు పొట్టి. వేళ్ళు నాలుగే.
గ్రైండరు తిన్నది పోను
నా ఎడమచేతికీ నాలుగే.
కొలత కోసం కాగితం చూడాల్సిన పని పడలే.

తలకు మూడు దినాలు పట్టింది.
కన్ను బొక్క పెద్దది, టీ గ్లాసు పట్టేంత.
చెంపలు పక్కలకు మొనదేలి పొడుచుకొచ్చినాయి.
తల వెనక సన్నటి అంచు,
కొట్టానికి చూరు దింపినట్టు.
పైదవడ కొసన మాత్రం ఒకే ఒక ఎముక,
లోకంలో ఇంకే జీవానికీ లేదంట అది.
లారీ కమానుకట్ట ఎర్రగా కాల్చి
దాన్ని చిలక ముక్కు మాదిరి వంచినా.
కొమ్ములు కాదు,
ఈ ముక్కే ఆ వంశానికి ఇంటిపేరు.

కడుపులో రాళ్ళుండాలంట, మేత నలగడానికి.
తాడిపత్రిలో రాళ్ళకు కరువా?
పాలిష్ ఫ్యాక్టరీ వెనక గుట్ట నుంచి
పిల్లోళ్ళు దోసిళ్ళతో తెచ్చినారు.
జాలీలో పోసి ఊపితే
గలగలమనింది.
ఎక్కడి దేశం జంతువో,
మా రాయి తిన్నాక ఇంక మాదే.

నా కొట్టంలో నెల మేకపిల్ల ఉండాది.
నుదుట వేలు పెడితే తోలు కింద
శనగ్గింజంత గట్టిది, వెచ్చగా.
అదే వేలు దీని నుదుట పెట్టినా.
నున్నటి రేకు.
"కొమ్ములెప్పుడొస్తాయి మేడం?"
"ఇంకో నాలుగు కోట్ల ఏండ్లకు."
వెల్డింగు అద్దం మొహం మీదికి దించుకున్నా.
ఆమె మాత్రం ఏదో లెక్కేసుకుంటా
చాలాసేపు అట్లే నిలబడింది.

డబ్బులిచ్చిన స్లాబుల చిన్నోబుళరెడ్డి
జీపు దిగి చుట్టూ ఒకసారి తిరిగినాడు.
"కొమ్ములేవిరా?
కొమ్ముల జంతువని కదా ముప్పై వేలిచ్చింది!"
ఆమె నోరు తెరిచేలోపల నేనే అన్నా:
"పొద్దనకుంటాయి రెడ్డీ."

మూడు కొమ్ములు, రెండు నొసట, ఒకటి ముక్కు మీద.
పైపు కోసి, సాగదీసి,
ఎద్దు కొమ్ముల మాదిరి పసుపు కూడా పూసినా.
రిబ్బను కత్తిరించినారు. ఫోటోలు దిగినారు.
పేపర్లో రెడ్డి మొహం కంటే
కొమ్ములే బాగా పడినాయి.

మర్సటి దినం
బడి గంట కొట్టకముందే
టీచరు షాపు ముందర నిలబడింది.
"కుళ్ళాయప్పా, అతుకు పెట్టినావా, బోల్టు పెట్టినావా?"
నేను నవ్వలే.
గోడకు తగిలించిన పదమూడు నంబరు పానా తీసి
ఆమె చేతిలో పెట్టినా.

ఆ మూడూ ఇప్పుడు నా షాపు గోడకు ఉండాయి.
ఒకదానికి చొక్కా తగిలిస్తా.
ఒకదానికి టిఫిను సంచి.
మూడోది
దేనికీ వాడలేదింకా.